కాళ్ళకు తెలిసే కరెంటు

సైకిల్ తొక్కి లైట్లు వెలిగించే మోడల్‌కి చాలామంది రంగురంగుల ఎల్‌ఈడీ దండలు కడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అవి లాగే కరెంటు కొంచెమే కాబట్టి తొక్కే పిల్లలకు ఏ తేడా తెలియదు. కారు బ్రేక్ లైట్లలో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బులు నాలుగు తెచ్చి, ఒక్కోదానికి విడిగా స్విచ్ పెట్టి చూడండి. ఒక్కో స్విచ్ వేసేకొద్దీ పెడల్ బరువెక్కుతుంది. నాలుగోది వేసేసరికి తొక్కేవాడు సీటు మీంచి లేచి నిలబడతాడు.

ఎందుకలా? అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. అలా పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికకే అడ్డుపడుతుందని 1834లో లెంజ్ చెప్పాడు. స్విచ్ ఆపితే కరెంటు పారదు, ఆ అడ్డూ ఉండదు. అదే నాలుగు బల్బులూ వెలగాలంటే 84 వాట్లు కావాలి. కరెంటు పుట్టించే మోటారులో, దాన్ని తిప్పే బెల్టులో వృథాగా పోయేది కూడా కలుపుకుంటే కాళ్ళు వంద వాట్లకు పైనే ఇవ్వాలి. మామూలు మనిషి కాసేపు ఆగకుండా ఇవ్వగలిగేది దాదాపు అంతే.

పాత సైకిల్ డైనమో ఇచ్చేది 3 వాట్లే, దీనికి చాలదు. ఎలక్ట్రిక్ స్కూటర్లలో వాడే 24 వోల్టుల, 250 వాట్ల పర్మనెంట్ మాగ్నెట్ డీసీ మోటారు సరిపోతుంది. వెనక చక్రాన్ని స్టాండు మీదకు లేపి, టైరు తీసేసి, రిమ్ము మీంచి మోటారు పుల్లీకి బెల్టు వేయాలి. పెడల్ నిమిషానికి 60 సార్లు తిరిగితే, ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న సైకిల్లో చక్రం సుమారు 147 సార్లు తిరుగుతుంది. రిమ్ము వ్యాసం 60 సెంటీమీటర్లు, పుల్లీది 4 సెంటీమీటర్లు అయితే మోటారు వేగం దానికి 15 రెట్లు, అంటే నిమిషానికి సుమారు 2,200 సార్లు. బెల్టుకు మూత తప్పనిసరి, చున్నీ చిక్కుకుంటే ప్రమాదం. ఫ్యూజు, వోల్ట్‌మీటరు కూడా పెట్టండి. బల్బులన్నీ ఆపి గట్టిగా తొక్కితే వోల్టేజీ 12 దాటేస్తుంది, అప్పుడు స్విచ్ వేస్తే బల్బు మాడిపోవచ్చు.

పక్కనే 5 వాట్ల ఎల్‌ఈడీ ఒకటి బిగించండి. వెలుగు దాదాపు బ్రేక్ లైటు అంతే, పెడల్ మాత్రం తేలిక. ఇంకో లెక్క కూడా చెప్పొచ్చు: వంద వాట్ల చొప్పున పది గంటలు తొక్కితే వచ్చేది ఒక్క యూనిట్!

బ్యాటరీ కూడా కలిపేటట్లయితే మధ్యలో డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఉండాలి. లేకపోతే తొక్కడం ఆపినా, బ్యాటరీ కరెంటుతో మోటారే చక్రాన్ని తిప్పుతుంది. మూత బిగించి ఉన్నప్పుడు, పిల్లల్ని దూరంగా నిలబెట్టి, కావాలనే ఒకసారి డయోడు తప్పించి చూపించండి. జనరేటరూ మోటారూ ఒకటే యంత్రమని వేరే చెప్పక్కర్లేదు.