విదేశంలో ఉంటూ గేమ్ కన్సోల్ కొంటున్నారా? అపోహలు - వాస్తవాలు

గేమ్ కన్సోళ్ల రిపేరు నా పని. పదిహేనేళ్లుగా ఇదే చేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే మెషిన్లలో ఒక దేశంలో కొని ఇంకో దేశంలో వాడుతున్నవి చాలానే ఉంటాయి. చదువుకో ఉద్యోగానికో సొంత దేశం వదిలి వచ్చినవాళ్లు, రెండేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారో వాళ్లకే తెలియనివాళ్లు వాటిని తెస్తుంటారు. కొనేముందు వాళ్లంతా అడిగేవి రెండే: కరెంటు సరిపోతుందా, టీవీకి కుదురుతుందా. ఈ రోజుల్లో ఆ రెండూ పెద్ద సమస్యలు కావు. డబ్బు పోయేది ఎవరూ అడగని చోట, గేములు కొనడానికి కన్సోల్ కంపెనీ దగ్గర తెరిచే అకౌంట్ దగ్గర. అందుకే ముందు దాని గురించే చెబుతాను.

అపోహ: దేశం మారితే అకౌంట్‌లో దేశం పేరు మార్చుకుంటే చాలు.

కంపెనీని బట్టి ఉంటుంది. ప్లేస్టేషన్ అకౌంట్ తెరిచేటప్పుడు ఏ దేశం ఎంచుకున్నారో అదే చివరిదాకా ఉంటుంది, తర్వాత మార్చడానికి వీల్లేదు. కొత్త దేశం స్టోర్‌లో కొనాలంటే కొత్త అకౌంట్ తెరవాల్సిందే. కొన్న గేములు, గెలిచిన ట్రోఫీలు పాత అకౌంట్‌లోనే ఉండిపోతాయి. నింటెండో అకౌంట్‌లో దేశం మార్చుకోవచ్చు, కానీ వాలెట్‌లో డబ్బు మిగిలి ఉంటే అడ్డం పడుతుంది, ముందు అది ఖర్చు చేసుకోవాలి. ఎక్స్‌బాక్స్‌లో మూడు నెలలకు ఒకసారి మార్చుకోనిస్తారు. అక్కడ కూడా అకౌంట్‌లో ఉన్న బ్యాలెన్స్ మీ వెంట రాదు.

చెల్లింపు దగ్గర ఇంకో చిక్కు ఉంది. చాలా సందర్భాల్లో ఏ దేశం స్టోర్ అయితే ఆ దేశంలో ఇచ్చిన బ్యాంకు కార్డే కావాలి. గిఫ్ట్ కార్డులు కూడా అంతే, ఒక దేశం కార్డు కోడ్ ఇంకో దేశం ప్లేస్టేషన్ అకౌంట్‌లో ఎక్కదు. ఒక అమ్మాయి పుట్టినరోజుకని వాళ్ల నాన్న తన దేశంలో కొని కోడ్ పంపించారు. ఆ అమ్మాయి అకౌంట్ చదువుకుంటున్న దేశంలో తెరిచింది. కోడ్ తీసుకోలేదు. గీకేసిన కార్డు వెనక్కి తీసుకోనన్నాడు అమ్మినతను. మెషిన్‌లో ఏదో లోపం ఉందనుకుని నా దగ్గరికి తెచ్చారు. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

కాబట్టి కన్సోల్ ఎక్కడ కొన్నారన్నది చూసి అకౌంట్ దేశం ఎంచుకోకండి. మీ బ్యాంకు కార్డు ఎక్కువ కాలం ఏ దేశంలో నడుస్తుందో చూసి ఎంచుకోండి. కన్సోల్ కొన్న దేశం, అకౌంట్ దేశం ఒకటే కానక్కర్లేదు. ఒకే మెషిన్ మీద రెండు దేశాల అకౌంట్లు పెట్టుకోవచ్చు కూడా. ప్లేస్టేషన్ 5లో పాత అకౌంట్‌తో లాగిన్ అయి కన్సోల్ షేరింగ్ ఆన్ చేస్తే, అందులో కొన్న గేములను కొత్త అకౌంట్ నుంచి కూడా ఆడుకోవచ్చు. ఈ సదుపాయం ఉందని తెలియక, కొన్న గేమునే డబ్బు పెట్టి మళ్లీ కొన్నవాళ్లను చూశాను. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది.

అపోహ: ఒక దేశం కన్సోల్‌లో ఇంకో దేశం డిస్కులు ఆడవు.

ఒకప్పుడు నిజమే. మొదటి ప్లేస్టేషన్, ప్లేస్టేషన్ 2, నింటెండో వీ, త్రీడీఎస్, వీ యూ అన్నీ ప్రాంతాల వారీగా తాళం వేసినవే. ఇప్పుడు ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్, ఎస్, నింటెండో స్విచ్‌లలో గేమ్ డిస్కులకు, కాట్రిడ్జ్‌లకు (స్విచ్‌లో పెట్టే చిన్న గేమ్ కార్డులకు) సాధారణంగా ఆ తాళం లేదు. చైనాలో టెన్సెంట్ అనే కంపెనీ ద్వారా 2019 డిసెంబరులో వచ్చిన స్విచ్ వేరే కథ. బయటి దేశాల కాట్రిడ్జ్‌లు అందులో ఆడతాయి. అక్కడి కాట్రిడ్జ్‌లు మాత్రం బయటి స్విచ్‌లో ఆడవు.

అయితే డిస్క్ ఆడటం వేరు, దానికి అదనపు భాగాలు కొనుక్కోవడం వేరు. డిస్క్ ఏ ప్రాంతానిదో, అదనపు కంటెంట్ కూడా ఆ ప్రాంతం స్టోర్‌లోనే కొనాలి. లేకపోతే డబ్బు కడతారు, డౌన్‌లోడ్ అవుతుంది, గేమ్ మాత్రం దాన్ని గుర్తించదు. ప్లేస్టేషన్ 4 గేములకు సీయూఎస్‌ఏ అనీ, ప్లేస్టేషన్ 5 గేములకు పీపీఎస్‌ఏ అనీ మొదలయ్యే నంబరు ఉంటుంది. ప్రాంతం మారితే చాలా గేములకు ఆ నంబరు మారుతుంది. సేవ్ ఫైళ్లు కూడా ఒక్కోసారి ఒక ప్రాంతం డిస్క్ నుంచి ఇంకో ప్రాంతం డిస్క్‌కు పనికిరావు. సగం గేమ్ ఆడేసి దేశం మారేవాళ్లు ఆ డిస్క్ అమ్మేయకుండా వెంట తీసుకెళ్లడం మంచిది.

భాష సంగతి కూడా చూసుకోండి. డిస్క్ ఆడినంత మాత్రాన అందులో మీకు వచ్చిన భాష ఉంటుందని లేదు. కవర్ వెనక ఏ భాషలు ఉన్నాయో రాసి ఉంటుంది, అది చదివాకే డబ్బు ఇవ్వండి.

అపోహ: ఏ దేశంలో కొన్నా మెషిన్ ఒకటే, చవకగా దొరికిన చోట కొనేయొచ్చు.

ఐదారేళ్ల క్రితం అడిగితే నేనూ దాదాపు అలాగే చెప్పేవాణ్ని. ఇప్పుడు చెప్పను. 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2 వచ్చినప్పుడు జపాన్‌లో దాన్ని రెండు రకాలుగా అమ్మారు. తక్కువ ధర దానిలో సిస్టమ్ భాష జపనీస్ ఒక్కటే. దేశం జపాన్ అని ఉన్న నింటెండో అకౌంట్లనే అది తీసుకుంటుంది. అన్ని భాషలూ ఉన్న రకం ధర ఎక్కువ. జపాన్‌లోనే ఉండి, అక్కడి అకౌంట్ వాడుతూ, భాష వచ్చినవాళ్లకు ఆ చవక రకం మంచి బేరమే. ప్రయాణంలో రెండు రోజులు ఆగి, ధర చూసి తొందరపడి కొన్నవాళ్లకు మాత్రం అది పనికిరాదు. సెట్టింగుల్లో ఎంత వెతికినా భాష మారదు, రిపేరు షాపులో కూడా మారదు. పెట్టె మీద భాష గురించి ఏం రాశారో చదివించుకునైనా తెలుసుకోండి.

ఇంకో చిన్న తేడా. జపాన్ ప్లేస్టేషన్ 4లో ఓకే అనడానికి సున్నా గుర్తు బటన్ నొక్కాలి, వెనక్కి రావడానికి క్రాస్ నొక్కాలి. అమెరికా, యూరప్‌లలో ఇది తలకిందులు. 2020లో ప్లేస్టేషన్ 5తో సోనీ అన్ని దేశాల్లోనూ క్రాస్‌నే ఓకే చేసింది. సెకండ్ హ్యాండ్ జపాన్ ప్లేస్టేషన్ 4 కొని, బటన్లు తారుమారయ్యాయని, కంట్రోలర్ పోయిందని తెచ్చినవాళ్లు ఉన్నారు. అది లోపం కాదు.

అపోహ: వేరే దేశం మెషిన్‌కు ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

జపాన్‌లో ఇళ్ల కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, యూరప్‌లో, ఇండియాలో 230. ఈ అంకెలు చూసి టెన్షన్ పడటం సహజం. కానీ ఇప్పటి కన్సోళ్ల పవర్ సప్లైలు ఎక్కువగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతున్నాయి. స్విచ్ చార్జర్ మీద ఆ మాటే ముద్రించి ఉంటుంది. 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నది కూడా వీటికి తేడా లేదు.

నా మాట విని కూడా చూడకుండా ప్లగ్ పెట్టకండి. మెషిన్ వెనకో కిందో, లేదా అడాప్టర్ మీదో ఇన్‌పుట్ అని ఒక లైను ఉంటుంది. 100-240 అని ఉంటే నిశ్చింతగా వాడండి. 100-127 అనో 120 అనో మాత్రమే ఉంటే 230 వోల్టుల చోట నేరుగా పెట్టొద్దు. పాతవాటిలో ఇది చాలా ముఖ్యం. ఎక్స్‌బాక్స్ 360కి, 2013లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ వన్‌కు బయట ఇటుక లాంటి అడాప్టర్ ఉంటుంది, అది ప్రాంతాన్ని బట్టి వేరు. నింటెండో వీ అడాప్టర్ కూడా అంతే. ఇలా పెట్టి కాలిపోయిన ఇటుకలు నా దగ్గర ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. వీటికి ట్రాన్స్‌ఫార్మర్ కొనేకన్నా, మీరున్న దేశం వోల్టేజీకి తయారైన అడాప్టర్ కొనడం మేలు. మెషిన్‌కు లోపల అందేది ఎలాగూ ఒకే వోల్టేజీ.

ట్రాన్స్‌ఫార్మరే కావాలంటే వాట్లు చూసి కొనండి. మొదటి డిస్క్ రకం ప్లేస్టేషన్ 5 గరిష్ఠంగా 350 వాట్లు తీసుకుంటుందని దాని వివరాల్లోనే ఉంది, అలాంటి మెషిన్‌కు 500 వాట్లకు తగ్గకుండా తీసుకోవాలి. హెయిర్ డ్రయ్యర్ కోసమని అమ్మే చిన్న ట్రావెల్ కన్వర్టర్లను కన్సోల్‌కు ఎప్పుడూ వాడకండి. వేడి చేసే వస్తువుల కోసం చేసినవి అవి, ఎలక్ట్రానిక్స్‌ను పాడుచేస్తాయి.

ఇక ప్లగ్. ప్లేస్టేషన్ 5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు వెనక 8 అంకె ఆకారంలో ఉండే మామూలు కేబులే. ఏ దేశంలోనైనా ఆ దేశం ప్లగ్ ఉన్న కేబుల్ దొరుకుతుంది. గోడకు వదులుగా వేలాడే కన్వర్షన్ ప్లగ్ కన్నా కేబుల్ మార్చుకోవడమే నయం.

అపోహ: టీవీ కూడా ఆ దేశానిదే ఉండాలి.

టీవీ సిగ్నల్‌కు పాల్, ఎన్‌టీఎస్‌సీ అని రెండు పద్ధతులున్న రోజుల మాట ఇది. హెచ్‌డీఎంఐ ఉన్న టీవీకి, హెచ్‌డీఎంఐ ఉన్న కన్సోల్‌కు ఆ బెంగ అక్కర్లేదు. సినిమా డిస్కులు మాత్రం ఇప్పటికీ ప్రాంతాన్ని చూస్తాయి. డీవీడీలో ఇండియా 5వ ప్రాంతం, అమెరికా 1వ ప్రాంతం. బ్లూరేలో ఇండియా సీ, అమెరికా, జపాన్ ఏ, యూరప్ బీ. 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కులకు ప్రాంతం తాళం లేదు.

అపోహ: పెద్ద కంపెనీ కాబట్టి వారంటీ ఎక్కడైనా చెల్లుతుంది.

సాధారణంగా చెల్లదు. కన్సోల్ వారంటీ కొన్న దేశానికో ప్రాంతానికో పరిమితం. ప్లేస్టేషన్ 5 మోడల్ నంబరు సీఎఫ్‌ఐ అని మొదలవుతుంది, మొదట వచ్చిన రకాల్లో అంకెల్లో చివరి రెండూ ప్రాంతాన్ని చెబుతాయి: 00 జపాన్, 15 అమెరికా, 16 యూరప్. సర్వీస్ సెంటర్‌లో వాళ్లు ముందు చూసేది అదే. కొంటున్న దేశంలో మీరు ఇంకో ఏడాదైనా ఉంటారా అని ఆలోచించుకోండి. ఉండరంటే, ఇక్కడ మిగిలే డబ్బు అక్కడ రిపేరుకు పోవచ్చు. బిల్లు మాత్రం పారేయకండి. వారంటీకే కాదు, కస్టమ్స్‌లో అడిగినా అదే చూపించాలి. వాడిన వస్తువైతే సుంకం ఉండదన్న నమ్మకం కూడా తప్పు, ఆ పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది.

అపోహ: సెకండ్ హ్యాండ్‌లో ఆన్ అయితే చాలు.

వెళ్లిపోతూ అమ్మేసేవాళ్ల దగ్గర మంచి మెషిన్లు దొరుకుతాయి, నేను కాదనను. కానీ నియమాలు మీరినందుకు కంపెనీ ఆన్‌లైన్ నుంచి నిషేధించిన మెషిన్ కూడా చక్కగా ఆన్ అవుతుంది. డబ్బు ఇచ్చేముందే మీ అకౌంట్‌తో లాగిన్ అయి, స్టోర్ తెరిచి, ఏదైనా ఉచిత గేమ్ డౌన్‌లోడ్ మొదలుపెట్టి చూడండి. డిస్క్ వేసి ఆడించండి. మొదటి ప్లేస్టేషన్ 5లో డిస్క్ డ్రైవ్ బోర్డు మదర్‌బోర్డుతో జత కట్టి ఉంటుంది, వేరే డ్రైవ్ తెచ్చి పెడితే పనిచేయదు. తర్వాత వచ్చిన సన్నటి రకం, స్లిమ్‌లో డ్రైవ్ ఊడదీయొచ్చు, కొత్తది తగిలించాక ఒక్కసారి ఇంటర్నెట్‌కు కలిపితే జత అవుతుంది.

ఒక్కోసారి వైఫై కనిపించడం లేదని కూడా మెషిన్‌ను తెస్తారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 ఛానళ్లు యూరప్‌లో, జపాన్‌లో వాడతారు, అమెరికా కోసం చేసిన చాలా పరికరాలు వాటిని చూడవు. రౌటర్‌ను 1, 6, 11లో ఏదో ఒక ఛానల్‌కు మార్చండి, కనిపిస్తుంది.

ప్రయాణంలో స్విచ్‌ను, కంట్రోలర్లను చేతి సంచిలోనే పెట్టుకోండి, వాటిలో చాలావాటికి లిథియం బ్యాటరీలుంటాయి. డ్రైవ్‌లో డిస్క్ ఉంటే తీసేయండి. చలి దేశంలో దిగి వెచ్చటి గదిలోకి రాగానే కన్సోల్ ఆన్ చేయొద్దు, లోపల తేమ పడుతుంది. రెండు మూడు గంటలు గది వేడికి అలవాటు పడనిచ్చి, అప్పుడు ప్లగ్ పెట్టండి.