మ్యూజియంలో చిన్న పిల్లలు: ఆట గురించి అపోహలు, వాస్తవాలు

"ఆటలు తర్వాత ఆడిద్దురుగానీ మేడం, ముందు వీడికి బొమ్మలన్నీ చూపించండి."

రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్ని, వాళ్లతో వచ్చిన పెద్దవాళ్లని సాలార్‌జంగ్ మ్యూజియంలో తిప్పడం నా పని. ఈ మాట ఏదో ఒక రూపంలో వినపడని బ్యాచ్ లేదు. అనేవాళ్లని తప్పు పట్టలేను. సెలవు రోజు పెట్టుకుని, అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో నలిగి, టికెట్ కొని లోపలికి వస్తే నలభైకి దగ్గరగా గ్యాలరీలు కనిపిస్తాయి. సగం చూసి వెళ్లిపోతే డబ్బులు దండగ అనిపించదూ! కానీ పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఈ ఒక్క ఆలోచన దగ్గరే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఆడటం వేరు, చూడటం వేరు. పెద్దవాళ్లు వివరంగా చెబితేనే పిల్లలు బొమ్మని చూసినట్టు.

వాస్తవం: మూడేళ్ల పిల్లలు ఆడుతూనే చూస్తారు. మీరు చెప్పడం మొదలుపెట్టగానే ఏం జరుగుతుందో ఈసారి గమనించండి. పిల్ల బొమ్మ మీద నుంచి కళ్లు తీసి మీ మొహం వంక చూస్తుంది. "ఇదేంటి? ఏ కలర్? ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే ఇంకా ఘోరం. ఏ జవాబు చెబితే అమ్మ మెచ్చుకుంటుందా అని మీ పెదాలు చూస్తూ కూర్చుంటుంది. ఆ గదిలో ఆ పిల్ల చూడని వస్తువేదైనా ఉందంటే అది ఆ బొమ్మే.

రెండు ముఖాల చెక్క శిల్పం దగ్గర ఇది బాగా తెలుస్తుంది. ముందు వైపు ఛాతీ విరుచుకుని గడ్డం పైకెత్తి నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ (జర్మన్ కథ 'ఫౌస్ట్'లో సైతాను), వెనక వైపు తల వంచుకున్న మార్గరెట్టా (అదే కథలోని అమ్మాయి). రెండూ ఒకే దుంగలో చెక్కారు, వెనక అద్దం పెట్టారు. ఒక నాన్నగారు తన కొడుక్కి జర్మన్ కథంతా చెప్పాలని చూస్తున్నారు. సైతాను, ఒప్పందం, ఆత్మ... నాలుగేళ్ల వాడికి ఆత్మ ఏమిటండీ! వాడు మాత్రం బొమ్మ ముందు పొట్ట ముందుకు తోసి నిలబడ్డాడు. పక్కకి జరిగి అద్దంలో చూసి తల వంచేశాడు. మళ్లీ ముందుకొచ్చి పొట్ట తోశాడు. అలా ఎన్నిసార్లు తిరిగాడో. "సరిగ్గా నిలబడరా" అని నాన్నగారు విసుక్కున్నారు. గర్వం ఒక వైపు, వినయం ఒక వైపు అని శిల్పి చెప్పాలనుకున్నది వాడి ఒంట్లోకి అప్పటికే వచ్చేసింది. కథ పదిహేనేళ్లకి చదువుకుంటాడు లెండి.

మరి ఏం ఆడించాలి? పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. మేలిముసుగు రెబెకా దగ్గరికి నేను పల్చటి చున్నీ ఒకటి తీసుకెళ్తాను. ఇటలీ శిల్పి బెంజోనీ చలువరాతిలో చెక్కిన బొమ్మ అది, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నారు. రాతి ముసుగులోంచి మొహం కనిపించడమే ఆ బొమ్మలోని విద్య. ఆ సంగతి మాటల్లో చెప్పను. చున్నీ పిల్ల మొహం మీద వేసి దోబూచులాడతాను. చున్నీ తీయగానే పిల్ల తనంతట తానే రెబెకా వైపు తిరుగుతుంది, ఆమె ముసుగు కూడా ఎప్పుడు తీస్తారా అని. ఒక నానమ్మగారు నా చున్నీ కోసం ఆగలేదు, తన కొంగుతోనే మొదలుపెట్టేశారు. ఆవిడ మనవరాలు ఆట మధ్యలో ఆగి "పెళ్లికూతురా?" అంది. బైబిల్ కథలో రెబెకా ముసుగు వేసుకునేది కాబోయే భర్త దూరం నుంచి వస్తుంటేనే. పిల్లకి ఆ కథ తెలియదు, నేనూ చెప్పలేదు. "అయ్యుంటుంది, ఎవరి కోసం చూస్తోందో మరి" అని మాత్రం అన్నాను. ఆ తర్వాత బొమ్మ చుట్టూ వరుడి కోసం వెతుకులాట నడిచింది.

సంగీత గడియారం దగ్గర అందరూ గంటగంటకీ బయటికొచ్చి గంట కొట్టే గడ్డం మనిషి బొమ్మ కోసం ఎదురుచూస్తారు. పిల్లలకి అసలైన స్నేహితుడు అందులోనే ఉన్న కమ్మరివాడి బొమ్మ, సెకను సెకనుకీ సుత్తితో కొడుతూనే ఉంటాడు. పిడికిలితో అరచేతిలో వాడితో పాటు కొట్టమంటాను. గంట మోగే దాకా ఎలా కూర్చోబెట్టాలన్న టెన్షన్ ఉండదు. ఒక మాట, పన్నెండింటికి మాత్రం తీసుకెళ్లకండి. ఆ జనంలో పిల్లలకి కనిపించేవి మోకాళ్లే.

ఈ మోకాళ్ల మాటతోనే ఇంకో అపోహ గుర్తొచ్చింది.

అపోహ: మా వాడికి కాన్సంట్రేషన్ లేదు, ఏ బొమ్మ ముందూ నిలబడడు.

వాస్తవం: మూడేళ్ల పిల్లల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు, కళ్లు ఇంకా కిందే. గోడకి పటాలు తగిలించేటప్పుడు సాధారణంగా పటం మధ్యభాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా చూస్తారు. అది పెద్దవాళ్ల కంటి ఎత్తు. ఆ కింద నుంచి మీ వాడికి కనిపించేది ఫ్రేము అంచు, గాజు మీద ట్యూబ్‌లైట్ మెరుపు. నమ్మకం లేకపోతే వాడి పక్కన గొంతుక్కూర్చుని చూడండి. ఎత్తుకుంటే, రెండడుగులు వెనక్కి వేస్తే, లేదా నేల మీద నిలబెట్టిన శిల్పాల దగ్గరికి వెళ్తే చాలా వరకు ఈ సమస్య తీరిపోతుంది. ఈ మాట చెప్పగానే ఒక అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. స్కూల్లో ఎవరో "అటెన్షన్ ప్రాబ్లమ్ ఉందేమో" అన్నారట, అప్పటి నుంచి నిద్ర లేదట. నేను డాక్టర్‌ని కాను. కానీ కనిపించని బొమ్మని చూడలేదని పిల్లాణ్ని అనుమానించకూడదు కదా.

అపోహ: ఆడిస్తే చేతులు వేస్తారు, పగలగొడతారు.

వాస్తవం: ముట్టుకోకూడదన్న నియమం సరైనదే, నేనూ గట్టిగానే ఉంటాను. వేళ్ల జిడ్డు చలువరాతిలోకి ఇంకుతుంది, చెమటలోని ఉప్పు కంచుని తింటుంది. అయితే ఖాళీ చెయ్యే ఎక్కువగా బొమ్మ మీదికి పోతుంది. అందుకే నా సంచిలో ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి ఏనుగు, ఒక నున్నటి రాయి ఉంటాయి. అద్దం వెనక దంతపు బొమ్మలు చూస్తూ చేతిలో లక్కబొమ్మని తిప్పుకునే పిల్ల అద్దం జోలికి పోదు. పరుగులు పెట్టే ఆటలు లోపల వద్దు, వాటికి బయట స్థలం ఉంది. నెమ్మదిగా, పిల్లిలా నడిచే ఆటలు బోలెడు.

మిగతావి గబగబా.

బట్టలు లేని శిల్పాలు చూపించవచ్చా? చూపించవచ్చు. "బట్టలు లేవు!" అని నవ్వుతారు. "అవును, లేవు" అనండి. అంతటితో అయిపోతుంది. సిగ్గుపడేది మనం.

భయపడి ఏడిస్తే? బయటికి తీసుకెళ్లండి. అక్కడున్న వాళ్లు ఏమనుకుంటారో అని కుంగిపోకండి, ఆ గదిలో సగం మందికి పిల్లలున్నారు. ఏ బొమ్మని చూసి ఏడ్చారో దాని దగ్గరికి ఆ రోజే మళ్లీ లాక్కెళ్లడం మాత్రం వద్దు.

ఇక వాట్సాప్‌లో తిరిగే "రోజూ పెయింటింగ్స్ చూపిస్తే కుడి మెదడు పెరిగి ఐక్యూ పెరుగుతుంది" అనే మెసేజ్. దయచేసి నాకు ఫార్వర్డ్ చేయకండి. మనిషి కుడి మెదడుతో బొమ్మలు, ఎడమ మెదడుతో లెక్కలు చూసుకోడు. ఐక్యూ కోసం వస్తే మీరు వాచీ చూసుకుంటారు, పిల్ల మిమ్మల్ని చూసుకుంటుంది.

అన్ని గ్యాలరీలూ చూడాలా అన్నదానికి జవాబు: మూడు వస్తువులు చాలు. ఒకదాని దగ్గరే ఆగిపోయినా మంచిదే. ముప్పావు గంట దాటాక బాగా సాగిన బ్యాచ్‌లు తక్కువ. నిద్రవేళకి ముందే బయటపడండి, లోపలికి వెళ్లే ముందే బాత్రూమ్ పని చూసుకోండి, వీలైతే ఆదివారం వద్దు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లేవాళ్లని తరచూ చూస్తుంటాను.