క్యూబా మొక్కకు వేడి ఎందుకు పడదు

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే చూస్తే అక్వేరియం ట్యాంకులో నేలంతా పరుచుకున్న మొక్కల కార్పెట్ మూల ఒకటి పైకి లేచి ఉంది. అరచేయంత పచ్చటి ముక్క, చాప అంచు ఎవరో పట్టుకుని లేపినట్టు. వేలితో తాకానో లేదో మొత్తం ఊడి నీటి మీదకి తేలింది. తిరగేసి చూశాను. పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, వాటికి చిన్న చిన్న బుడగలు కూడా అంటుకుని ఉన్నాయి. కింద మాత్రం గోధుమరంగు బంక, వేళ్లు ఉండాల్సిన చోట కుళ్లిన దారపు పోగులు. వాసన సంగతి చెప్పను. నాలుగు నెలలు పట్కారుతో ఒక్కో పిలకా గుచ్చి పెంచిన కార్పెట్ అది.

ఆ మొక్క పేరు హెమియాంథస్ కాలిట్రికాయిడ్స్. అంత పేరు పలకలేక అందరూ హెచ్‌సీ క్యూబా అంటారు. అక్వేరియంలో నేలంతా పరుచుకునే మొక్కల్లో దీని ఆకే అన్నిటికంటే చిన్నదేమో, ఆవగింజ కంటే కాస్త పెద్దది అంతే. క్యూబా నుంచి వచ్చింది కాబట్టే ఆ పేరు. క్యూబా ఉన్నది ఉష్ణమండలంలో. మరి అక్కడి మొక్క 32 డిగ్రీల నీళ్లకే ఇలా ఎందుకు చచ్చింది? నన్ను చాలా రోజులు తినేసిన ప్రశ్న ఇదే.

మొదట తెలుసుకోవాల్సింది, ఇది అసలు నీటి మొక్క కాదు. అంటే పూర్తిగా కాదు. కార్పెట్ మొక్కలుగా మనం పెంచేవి చాలావరకు ఏటి ఒడ్డున, తడి ఇసుకలో, రాళ్ల సందుల్లో బతికేవి. నీరు పెరిగితే మునుగుతాయి, తగ్గితే బయటపడతాయి. బయట ఉన్నప్పుడు ఆకుకి పత్రరంధ్రాలుంటాయి, మీద మైనపు పొర ఉంటుంది. మునిగాక ఆ ఆకులు పనికిరావు, వాటి చోట పల్చటి కొత్త ఆకులు పుట్టాలి. కొత్త మొక్క తెచ్చి నాటిన రెండు వారాల్లో పాత ఆకులు కరిగిపోతుంటే కంగారు పడతాం గానీ, చాలాసార్లు అది చావు కాదు, బట్టలు మార్చుకోవడం. కాకపోతే ఆ మార్పుకి దాచుకున్న చక్కెర ఖర్చవుతుంది. నీళ్లు వేడిగా ఉంటే ఆ నిల్వ తొందరగా అయిపోతుంది.

అసలు కథంతా ఈ జమాఖర్చులోనే ఉంది. మొక్క పగలు వెలుతురులో చక్కెర తయారు చేసుకుంటుంది, అది జమ. రాత్రీ పగలూ శ్వాసక్రియలో కొంత కాల్చుకుంటుంది, అది ఖర్చు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం సుమారు రెట్టింపవుతుంది. అంటే 22 డిగ్రీల దగ్గర హాయిగా బతికే మొక్క 32 దగ్గర దాదాపు రెండింతలు తింటుంది. జమ కూడా రెట్టింపైతే గొడవే లేదు. అవదు. కిరణజన్య సంయోగక్రియకి రుబిస్కో అనే ఎంజైమ్ కావాలి, దాని పని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకోవడం. కానీ దానికి కార్బన్ డయాక్సైడ్‌కీ ఆక్సిజన్‌కీ తేడా సరిగ్గా తెలియదు, అప్పుడప్పుడు పొరపాటున ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, ఆ తప్పు సరిదిద్దుకోవడానికి మొక్క మళ్లీ శక్తి ఖర్చుపెట్టాలి. వేడి పెరిగేకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయి. దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు. పైగా వేడి నీటిలో వాయువులు తక్కువ కరుగుతాయి. 20 నుంచి 30 డిగ్రీలకి వెళ్తే కార్బన్ డయాక్సైడ్ కరిగే సామర్థ్యం దాదాపు నాలుగో వంతు పడిపోతుంది, ఆక్సిజన్‌ది అంతకంటే కాస్త తక్కువ పడిపోతుంది. అంటే మొక్కకి కావాల్సింది ఎక్కువ తగ్గి, అక్కర్లేనిది తక్కువ తగ్గుతుందన్నమాట!

గాలితో సమతూకంలో ఉన్న 30 డిగ్రీల నీటిలో లీటరుకి అర మిల్లీగ్రాము చిల్లర కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అంతే. సిలిండర్ పెట్టి ఎక్కించే వాళ్లు 30 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్తారు. తేడా ఎంతో చూడండి. వాయువులు గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి కాబట్టి ఆ ఉన్నది కూడా ఆకుని చేరడం కష్టం. దట్టంగా అల్లుకున్న కార్పెట్ లోపల నీరు కదలదు, అక్కడ కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది, ఆక్సిజన్ పోగవుతుంది, రుబిస్కో పొరపాట్లు ఇంకా పెరుగుతాయి. పైపైన చూసేవాళ్లకి ఆక్సిజన్ బుడగలు కనిపిస్తాయి, మొక్క బాగా పనిచేస్తోంది ఆహా అనుకుంటాం. నా కార్పెట్ ఊడిన రోజు కూడా బుడగలు ఉన్నాయని చెప్పాను కదా.

కాండం పెరిగే మొక్కలైతే ఈ కరువులో పైకి ఎగబాకి వెలుతురు దగ్గరికి వెళ్లిపోతాయి. కార్పెట్‌కి ఆ దారి లేదు, అది ఉండేది ట్యాంకు అడుగున, వెలుతురు అందరికంటే తక్కువ అందే చోట. అందులోనూ పై ఆకులు కింది ఆకులకి నీడ. వేడి నీటిలో ఖర్చు పెరిగింది కాబట్టి లాభం లేకపోయినా నష్టం లేకుండా బతకడానికే ఇదివరకటి కంటే ఎక్కువ వెలుతురు కావాలి. ముందు కింది పొర అప్పుల్లో పడుతుంది. ఆకులు రాలుస్తుంది, తర్వాత వేళ్లని వదిలేస్తుంది. వేళ్లు పోయాక, కింద చిక్కుకున్న బుడగలే మిగతా చాపని పైకి లేపుతాయి.

ఇది అర్థం కాగానే మొదట వచ్చే ఆలోచన లైటు పెంచడం. నేనూ అదే చేశాను, వారంలో అద్దాలన్నీ పచ్చబడ్డాయి. పాచికి వేడి అంటే పండగ. ముఖ్యంగా నీలి ఆకుపచ్చ బంక, అంటే సయనోబాక్టీరియా, వెచ్చటి నీటిలో దుప్పటిలా పరుచుకుంటుంది. వెలుతురు పెంచి కార్బన్ డయాక్సైడ్ పెంచకపోతే మొక్కకి ఆకలి పెంచి అన్నం పెట్టనట్టే. వెలుతురు మామూలుగానే ఉంచి కార్బన్ డయాక్సైడ్ పెంచితే మాత్రం మొక్క ఉన్న వెలుతురునే మెరుగ్గా వాడుకుంటుంది, రిచియా అనే తేలే మొక్క మీద డెన్మార్క్‌లో చేసిన ప్రయోగాల్లో తక్కువ వెలుతురులో కూడా ఈ ఫలితం కనిపించింది. కానీ వేడి ట్యాంకులో చేపల సంగతి కూడా చూసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 32 దగ్గర 7.3 మాత్రమే, అదే సమయంలో చేపకి ఊపిరి అవసరం పెరుగుతుంది. చల్లటి ట్యాంకులో 30 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ని ఓర్చుకున్న చేప ఇక్కడ పైకొచ్చి నోరు తెరుస్తుంది. చేపలు అలా చేస్తే మొక్క సంగతి తర్వాత, ముందు గ్యాస్ ఆపండి.

మరి నీటినే చల్లబరిస్తే? ఇక్కడే చాలామంది ఐస్ బాటిళ్లతో అవస్థ పడతారు. లెక్క వేద్దాం. కిలో మంచు 100 లీటర్ల ట్యాంకులో కరిగి, ఆ కరిగిన నీరు ట్యాంకు వేడికి వచ్చేదాకా పీల్చుకునేది దాదాపు 450 కిలోజౌళ్లు. 100 లీటర్లని ఒక్క డిగ్రీ చల్లార్చడానికే సుమారు 420 కావాలి. అంటే కిలో మంచుకి ఒక డిగ్రీ, అదీ రెండు గంటల ముచ్చట. ఇప్పుడు అదే ట్యాంకులోంచి ఒక్క లీటరు నీరు ఆవిరైతే అది తనతో పట్టుకెళ్లే వేడి 2,400 కిలోజౌళ్ల పైమాటే, లెక్క ప్రకారం ఐదున్నర డిగ్రీల పైనే! మట్టికుండ చేసే పని ఇదే. గది నుంచి వేడి మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత దిగదు గానీ, నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే 2 నుంచి 4 డిగ్రీలు తగ్గడం మామూలే. మూత మాత్రం తీసేయాలి.

అయితే ఫ్యాన్ ఎంత చల్లబరుస్తుందనేది గాలి వేడి కంటే గాలిలో తేమ మీద ఆధారపడి ఉంటుంది. బయట 40 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే ఆవిరి పద్ధతిలో నీరు, సిద్ధాంతం ప్రకారం, 23 డిగ్రీల దాకా దిగగలదు. అదే 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే హద్దు 29 దగ్గరే ఆగిపోతుంది. అందుకే మాడ్చే ఎండల్లో బతికిపోయిన కార్పెట్ ఆ తర్వాత ఉక్కపోత రోజుల్లో పోతుంది, వేడి తగ్గింది కదా మళ్లీ ఏమైందని మనం జుట్టు పీక్కుంటాం. అలాంటి చోట డిగ్రీలు తగ్గాలంటే చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రమే గతి, అది ట్యాంకులోంచి తీసిన వేడిని అదే గదిలోకి వదులుతుందని మరిచిపోకూడదు. ఇంకో సంగతి, ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు లోపలే ఉండిపోతాయి. రోజూ కుళాయి నీళ్లతో నింపుతూ పోతే కొన్ని వారాలకి నీటిలో లవణాలు పేరుకుపోతాయి. తగ్గిన మేరకి ఆర్వో నీళ్లో శుభ్రంగా పట్టిన వాన నీళ్లో పోయాలి.

ఫ్యాన్‌తో ఒక చిక్కుంది. నీటిపై అలలు లేపితే కష్టపడి కరిగించిన కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. దీనికి నాకు దొరికిన దారి చిన్నదే, కానీ దాని కోసం ఒక థర్మామీటరు, నిద్రలేని ఒక రోజు పట్టాయి. అప్పటిదాకా గది చల్లబడ్డాక లైటు వేయాలని సాయంత్రం 6 నుంచి రాత్రి 12 దాకా వేసేవాణ్ని. ఒకరోజు రెండేసి గంటలకి నీటి ఉష్ణోగ్రత రాసుకుంటూ కూర్చున్నాను. గది మధ్యాహ్నం 3కి అత్యంత వేడెక్కింది, నీరు మాత్రం రాత్రి 8కి. అంత నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగానే చల్లబడుతుంది మరి. రాత్రి 8కి 32.5 ఉన్న నీరు పొద్దున 6కి 29.5కి దిగింది. అంటే నేను ఇన్నాళ్లూ ఏరికోరి నీరు అత్యంత వేడిగా ఉన్న గంటల్లోనే మొక్క చేత పని చేయిస్తున్నాను!

అప్పట్నుంచి లైటు తెల్లవారుజామున 5 నుంచి 11 దాకా. గ్యాస్ 4కే మొదలై, లైటు ఆగడానికి గంట ముందే ఆగిపోతుంది. లైటూ గ్యాసూ లేని గంటల్లో, అంటే మధ్యాహ్నం నుంచి తెల్లవారుజాము 4 దాకా, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఎగిరిపోవడానికి అప్పుడు గ్యాసే ఉండదు, పైగా అలల వల్ల ఆక్సిజన్ లోపలికి వస్తుంది. ఆ చీకటి గంటలన్నీ మొక్కకి ఖర్చు గంటలే కాబట్టి చల్లదనం అప్పుడే ఎక్కువ కావాలి. పుస్తకాల్లో రాసే 24 డిగ్రీలు మనకి ఎలాగూ రావు, రాత్రికి 28 తెచ్చినా మొక్క తేరుకుంటుంది.

మునగకముందే వేళ్లు పట్టించే పద్ధతి, అంటే డ్రై స్టార్ట్, వేడి ప్రాంతాలకి బాగా సరిపోతుంది. ట్యాంకులో తడి ఆక్వా సాయిల్, అంటే అక్వేరియం మొక్కల కోసం అమ్మే మట్టి గుళికలు వేసి, మొక్కలు నాటి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి నెలా రెండు నెలలు నీరు నింపకుండా ఉంచడం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆకుకి సులువుగా అందుతుంది, సిలిండర్ అక్కర్లేదు. కాకపోతే మూసిన గాజు పెట్టె మీద నేరుగా ఎండ పడిందా, లోపల ఉడికిపోతుంది. రోజూ కాసేపు కవర్ తీయకపోతే బూజు పడుతుంది. కొత్త ఆక్వా సాయిల్ వదిలే అమ్మోనియా కూడా వేడి నీటిలో చేపలకి ఎక్కువ ప్రమాదం, కాబట్టి నీరు నింపాక చేపల కోసం తొందరపడొద్దు. కార్పెట్ గింజలని అమ్మే ప్యాకెట్ల జోలికి మాత్రం వెళ్లకండి. వేడికి మూడు రోజుల్లో చక్కగా మొలుస్తాయి, చూసి మురిసిపోతాం, కానీ అవి చాలాసార్లు నీళ్లలో బతికే జాతులే కావు. నింపిన కొన్ని వారాలకి కుళ్లిపోతాయి.

ఏ మొక్క పెట్టాలి అంటారా. హెచ్‌సీ క్యూబా వద్దు, చిల్లర్ లేకపోతే అసలొద్దు. మోంటే కార్లో దానికంటే కాస్త మొండిది, కానీ నీరు 30 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే అదీ మెత్తబడుతుంది. హెయిర్‌గ్రాస్ పైన పచ్చగా ఉంటూనే కింద పసుపెక్కి దుబ్బుగా మారుతుంది, రెండు వారాలకోసారి కత్తిరించే ఓపిక ఉంటే పెట్టుకోండి. క్రిప్టోకొరైన్ పర్వా శ్రీలంకది, వేడికి బెదరదు, కానీ అరచేయంత పరుచుకునేలోపు మనకి ఓపిక నశిస్తుంది. డ్వార్ఫ్ సాజిటేరియా పొడుగెక్కువైనా దేనికైనా సిద్ధం.

నా ఓటు మార్సీలియా హిర్సూటాకి. ఇది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఫెర్న్, పువ్వు పూయదు, గింజ కాయదు. గాలిలో ఉన్నప్పుడు ఒక్కో కాడకి నాలుగు రెక్కల ఆకు, నీటిలో మునిగాక చాలావరకు గరిటెలా ఒకే రెక్క. నాటిన మొదటి నెల ఏమీ జరగదు, పోయిందేమో అనుకుంటాం. నేల కింద మాత్రం తీగ పాకుతూ ఉంటుంది. నా ట్యాంకులో అయితే నాటిన చోటుకి జానెడు దూరంలో, అద్దం పక్కన, ముందు ఒక్క ఆకు లేచింది. పాత క్యూబా కార్పెట్ ఊడి ఖాళీ అయిన మూల సరిగ్గా అదే.