గోలీ సోడా తాత నుంచి, మీ నాయన పీపా గురించి

చిన్నోడా, బుజ్జమ్మా,

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకటే అడిగినారు, తాతా, నాయన బీరు పీపాకి గ్యాసు సిలిండర్ తగిలించకుండా ఒట్టి చక్కెర నీళ్ళు పోసి మూతేసినాడు, మళ్ళ బుడగలు యాడినుంచి వస్తాయి అని. నేను మొదలుపెట్టేలోపే మీ అవ్వ ఫోన్ లాక్కునింది, అందుకే ఇప్పుడు బైరాగిపట్టెడ ఇంట్లో వరండాలో కూర్చోని తీరిగ్గా టైప్ చేస్తా ఉండా. ముందే చెప్తాండా, మీ ఊర్లో 21 ఏళ్ళు నిండేదాకా ఆ పీపా కొళాయి జోలికి పోవద్దు. ఇక్కడైతే లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడమే నేరం. అమెరికాలో 1978లో అప్పటి ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల మీ నాయన ఆటలు సాగతా ఉండాయి. బుడగ సంగతి తెలుసుకునేదానికి మాత్రం వయసుతో పనిలేదు.

చిత్తూరులో ఈతకల్లు కుండ దించినప్పుడు చూస్తే పైన నురగ బుసబుసా పొంగతా ఉంటాది. ఎవరూ గ్యాసు పట్టలేదు దానికి. అందులో ఈస్ట్ ఉంటాది, కంటికి కనపడనంత చిన్న ప్రాణి, తీపి తిని రెండు వదులుతాది, ఒకటి ఆల్కహాల్, ఇంకోటి కార్బన్ డయాక్సైడ్, బరువులో ఇంచుమించు సగం సగం. కుండకి మూత లేదు కాబట్టి గ్యాసు పోతే పాయె. బీరు కూడా మొదట పులిసేటప్పుడు అంతే, గ్యాసంతా బయటికి పోనిస్తారు. పులవడం అయిపోయినాక ఈస్ట్ తినగలిగే చక్కెరంతా అయిపోతాది, కానీ ఈస్ట్ చావలేదు, తిండి లేక ఊరికే పడుకోని ఉంటాది. అప్పుడు మీ నాయన ఏం చేసినాడంటే కొంచెం చక్కెర నీళ్ళలో మరిగించి (మరిగిస్తే వేరే క్రిములు చస్తాయి) చల్లార్చి పీపాలో పోసి, దానిమీద బీరు పోసి, మూత బిగించి వేడీ చలీ కాని గదిలో పెట్టినాడు. ఈస్ట్ లేస్తాది, ఆ చక్కెర తింటాది, ఈసారి గ్యాసుకి దారి లేదు, పోయి బీరులోనే కరగాల. అంతే కథ.

ఎంత చక్కెర? 19 లీటర్ల బీరుని సీసాల్లో పట్టేదానికి 110, 120 గ్రాములు వేస్తారు, పీపాకైతే దాంట్లో సగం చాలంటారు ఈ పని చేసేవాళ్ళు, ఎక్కువైతే కొళాయి తిప్పితే గ్లాసంతా నురగే. 60 గ్రాములు అనుకోండి, దాంట్లోంచి 30 గ్రాముల గ్యాసు, అంటే మామూలు గాలి ఒత్తిడిలో ఒక 16 లీటర్లు. గుప్పెడు చక్కెర లోపల అంత గ్యాసు ఉండాదని నాకు అరవై ఏళ్ళు దాటినాక తెలిసింది చూడండి, ముప్ఫై ఏళ్ళు సోడా అమ్మి.

పోయిన అక్టోబర్‌లో నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు జరిగింది మీకు గుర్తుండదు, మీరు స్కూల్లో ఉన్నారు. రెండు వారాలు మెట్ల కింద గదిలో పెట్టి, ఫ్రిజ్‌లో చల్లబెట్టి, మీ నాయన కొళాయి తిప్పితే టీ డికాషన్ మాదిరి చప్పగా కారింది, ఒక్క బుడగ లేదు. ఈస్ట్ చచ్చిపోయింది నాయనా అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. పీపా మూత తీయించి చేతిలో పెట్టుకోని చూసినా. కోడిగుడ్డు ఆకారం, చుట్టూ నల్ల రబ్బరు రింగు, అది పైనుంచి మూసే మూత కాదు, అడ్డంగా లోపలికి దూర్చి పైకి లాగి బిగించేది. లోపల గ్యాసు తోస్తేనే రబ్బరు గట్టిగా అతుక్కుంటాది.

నాకు వెంటనే గోలీ గుర్తొచ్చింది. మన చిత్తూరు షాపులో సీసాని మిషన్‌లో తలకిందులుగా పెట్టి తిప్పేవాళ్ళం, గోలీ జారి మెడ దగ్గరికి వస్తాది, గ్యాసు ఒత్తిడికి పోయి రబ్బరు వాషర్‌కి అతుక్కుంటాది, ఇంక మూత అక్కర్లేదు, గ్యాసే తలుపేసుకుంటాది. గ్యాసు తక్కువ పట్టినామా, గోలీ నిలవదు, సోడా చప్పబడతాది. ఎక్కువ పట్టినామా, ఒకసారి సీసా పగిలి గాజు ముక్క నా కనుబొమ్మ మీద తగిలింది, ఆ మచ్చే మీరు తడిమి చూసేది. మిషన్‌లో ఒత్తిడి ఒక్కసారిగా వస్తాది. ఈస్ట్ అట్ల కాదు, రోజుకింత రోజుకింత. ఆ మొదటి రోజుల్లో మూతని తోసేంత బలం లేదు, వచ్చిన గ్యాసు వచ్చినట్టే సందులోంచి జారిపోయింది, చక్కెర అయిపోయింది.

మళ్ళా చక్కెర పోయించినా. ఈసారి మూత చుట్టూ సబ్బు నీళ్ళు పూసి, పక్కన మూలనుండే సిలిండర్‌తో ఒక్క విసురు గ్యాసు కొట్టమన్నా, బీరుకి కాదు, మూత కూర్చునేదానికి. మొదట అంచులో సన్న బుడగలు లేచినాయి, ఇంకొంచెం ఒత్తిడి పెంచితే టక్‌మని కూర్చునింది, బుడగలు ఆగిపోయినాయి. రెండు వారాలకి గ్లాసులో నురగ నిలబడింది. మొదటి గ్లాసు మాత్రం మడ్డి మడ్డిగా వచ్చింది, లోపలి గొట్టం అడుగునుంచి పీలుస్తాది కదా, అడుగున ఈస్ట్ పేరుకోని ఉంటాది. మీ అవ్వ అది చూసి పారబోయద్దు, దోసె పిండిలో కలపదాం అనింది, నిజంగా కలిపింది కూడా, ఆ దోసెల గురించి మాట్లాడను.

ఇంకోటి, ఆ స్టీలు పీపా అసలు బీరుది కాదు, మీ నాయనే చెప్పినాడు, పెప్సీ కోక్ వాళ్ళు హోటళ్ళకి కూల్‌డ్రింకు పంపేదానికి వాడినవంట అట్లాటివి. బీరు సోడా ఇంటికి అద్దెకొచ్చింది అని నవ్వినా. కానీ వెనక్కి పోతే సోడానే బీరు ఇంట్లో పుట్టింది. 1767లో ఇంగ్లాండులో లీడ్స్ అనే ఊర్లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన ఇంటి పక్కన బీరు తయారుచేసే చోటు ఉండేది, పులిసే తొట్టిమీద తేలే గాలి దగ్గర నీళ్ళు పెట్టి చూస్తే నీళ్ళకి బుడగలొచ్చినాయి, రుచిగా ఉన్నాయి. ఆ గాలి ఈస్ట్ వదిలిందే. 1872లో హైరమ్ కాడ్ గోలీ సీసాకి పేటెంట్ తీసుకున్నాడు, దాంతోనే మీ నాయన్ని చదివించినా.

ఎండాకాలం వచ్చినప్పుడు గోలీ మీరే కొట్టండి. అటక మీద పాత సీసాలు రెండు పెట్టి ఉండా, వాషర్‌లు ఎండిపోయినాయి, కొత్తవి తేవాల.

మీ తాత