సాయం అందితే పని మానేస్తారా? ఓ పాత ప్రశ్న వెనుక కథ

ప్రభుత్వం నిరుద్యోగులకు భృతి ఇచ్చినా, పేదల ఇంటి అద్దెలో కొంత భరించినా వెంటనే ఒక అభ్యంతరం లేస్తుంది: ఊరికే ఇస్తే ఇక కష్టపడేదెవరు? ఈ అనుమానం 1834లో ఇంగ్లండ్‌లో చట్టంగా మారింది. అంతకు రెండేళ్ల ముందు పేదలకు అందే సాయంపై ఏర్పడిన రాయల్ కమిషన్ ఊరూరికీ ప్రశ్నావళులు పంపి, గుట్టలకొద్దీ సమాధానాలు తెప్పించుకుంది. కానీ నివేదిక రాసిన నసావ్ సీనియర్, ఎడ్విన్ చాడ్విక్ వాటిని లెక్కగట్టి చూడలేదు. తమ నమ్మకానికి సరిపడే ఉదంతాలను ఏరుకున్నారు. సాయం పొందేవారి బతుకు అతి తక్కువ కూలికి పనిచేసేవారి బతుకు కంటే హీనంగా ఉండాలన్నది వారి సూత్రం. కుటుంబాన్ని విడదీసి, మగవారిని ఒకచోట, ఆడవారిని ఒకచోట, పిల్లలను మరోచోట ఉంచే వర్క్‌హౌస్‌లు, అంటే సాయం కోసం పేదలు చేరి పనిచేయాల్సిన ఆశ్రయాలు, ఆ సూత్రం మీదే నడిచాయి. మార్క్ బ్లాగ్ అనే ఆర్థికవేత్త 1963, 64లలో ఆ పాత రికార్డులను మళ్లీ తిరగేసి, సాయం వల్ల కూలి పడిపోలేదని, కూలీ పనీ చాలకే సాయం అవసరమైందని వాదించాడు. అప్పటికి ఆ చట్టం కింద ఎన్నో తరాలు నలిగిపోయాయి.

ముందే తీర్పు రాసుకోకుండా ఇళ్ల తలుపు తట్టినవారికి వేరే సంగతులు తెలిశాయి. లండన్ పేదరికంపై 1886లో మొదలైన చార్లెస్ బూత్ సర్వే, నగరవాసుల్లో 30 శాతానికి పైగా పేదలని తేల్చింది. తాగుడు, దుబారా కంటే నిలకడ లేని పని, చాలని కూలి పెద్ద కారణాలని చూపింది. సీబోమ్ రౌంట్రీ 1899లో యార్క్ నగరంలో 11,560 కార్మిక కుటుంబాల వివరాలు సేకరించాడు. తీవ్ర పేదరికంలో ఉన్నవారిలో సగానికి పైగా రోజూ పనికి వెళ్లే మనిషి ఇంట్లో ఉన్నవారే. పని ఉంది, కూలి చాలదు.

తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి వారానికి కనీసం 21 షిల్లింగుల 8 పెన్నీలు కావాలని రౌంట్రీ లెక్క వేశాడు. తిండికి 12 షిల్లింగుల 9 పెన్నీలు, అద్దెకు 4 షిల్లింగులు, బట్టలు, బొగ్గు, దీపం వంటి వాటికి మిగతాది. ఆ లెక్కలో రైలు చార్జీకి చోటు లేదు. పత్రిక కొనడానికి లేదు. దూరాన ఉన్న పిల్లలకు ఉత్తరం వేయడానికీ లేదు. ఈ లోట్లను రౌంట్రీయే ఒక్కొక్కటిగా రాసిపెట్టాడు. సంక్షేమ పరిశోధనలో అంత నిజాయితీ గల పేజీలు అరుదు.

పని పూర్తిగా పోతే ఏమవుతుంది? ఆస్ట్రియాలో వియన్నా సమీపంలోని మారియెంథాల్ అనే మిల్లు గ్రామంలో మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ 1931-32లో దీన్ని పరిశీలించారు. బట్టల మిల్లు మూతపడడంతో ఊరు దాదాపు ఊరంతా నిరుద్యోగంలో ఉంది. గ్రంథాలయంలో రుసుము ఎత్తేసినా, చేతినిండా తీరిక ఉన్నా జనం తీసుకెళ్లే పుస్తకాలు సుమారు సగానికి పడిపోయాయి. పరిశోధకులు కిటికీ వెనుక గడియారం పెట్టుకుని వీధిలో నడకలు కొలిచారు. ఇంటిపని మీద ఉన్న ఆడవారి కంటే మగవారు నెమ్మదిగా నడిచారు, మాటిమాటికీ ఆగారు. మనిషిని కుంగదీసింది భృతి కాదు, పని లేకపోవడం.

బ్రిటన్‌లో ఉపాధిని, భృతిని ఒకే చట్రంలోకి తెచ్చిన 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక అద్దె దగ్గర తడబడింది. భృతి అందరికీ ఒకటే, అద్దె ఊరికో రకం. నివేదికలో ఈ చిక్కుకు ప్రత్యేకంగా చోటిచ్చినా చివరికి సగటుతో సరిపెట్టారు. దాంతో అద్దె ఎక్కువున్నవారు ఆదాయ పరీక్షకు నిలబడి అదనపు సాయం అడగాల్సి వచ్చింది. విధానాలు రాసేవారు ఇంటిని, పనిని, భృతిని వేరువేరు దస్త్రాల్లో చూస్తారు. ఒక కుటుంబానికి అవన్నీ ఒకే నెల బాధ.

అమెరికాలో 1968 నుంచి జరిగిన కనీస ఆదాయ ప్రయోగాలు పాత అనుమానాన్ని నేరుగా పరీక్షించాయి. పని గంటలు తగ్గిన మాట నిజమే. కానీ ఇంటి ప్రధాన సంపాదనపరుడి విషయంలో ఆ తగ్గుదల స్వల్పం. భయపడినట్టు మూకుమ్మడిగా పని మానేయడం ఎక్కడా కనబడలేదు. ఆ తర్వాత 1994-98 మధ్య ఐదు నగరాల్లో సుమారు 4,600 పేద కుటుంబాలతో లాటరీ పద్ధతిలో మరో ప్రయోగం మొదలైంది. కొందరికి పేదరికం తక్కువున్న పేటల్లో మాత్రమే చెల్లే అద్దె వోచర్లు ఇచ్చారు. పదేళ్లు దాటినా పెద్దల సంపాదన మారకపోవడంతో పథకం విఫలమైందన్నవారున్నారు. కానీ ఆ పెద్దల ఆరోగ్యం మెరుగుపడింది. 2015లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం పిల్లల సంగతి చూసింది: ఆ వోచరుతో 13 ఏళ్లలోపు ఇల్లు మారినవారి ఆదాయం ఇరవై అయిదేళ్ల ప్రాయంలో, వోచర్ అందని పిల్లలతో పోలిస్తే 31 శాతం ఎక్కువ. ఆ ఫలితం కనబడడానికి ఒక తరం ఎదగాల్సి వచ్చింది.

అంత ఓపిక ప్రభుత్వాలకు దొరకడం కష్టం. ఫిన్లండ్ 2017, 2018లలో 2,000 మంది నిరుద్యోగులకు షరతులు లేకుండా నెలకు 560 యూరోలు ఇచ్చింది. వారు పని మానలేదు సరికదా, మిగతావారి కంటే కాస్త ఎక్కువ రోజులే చేశారు. మనశ్శాంతి కూడా మెరుగ్గా ఉందని చెప్పారు. అయితే ప్రయోగం సగంలో ఉండగా, 2018 జనవరిలో, అదే ప్రభుత్వం నిరుద్యోగ భృతికి కొత్త షరతులు తెచ్చింది. దాంతో రెండో ఏడాది ఫలితంలో షరతులు లేని డబ్బు వాటా ఎంతో, కొత్త నిబంధనల వాటా ఎంతో పరిశోధకులు విడదీయలేకపోయారు.