శరత్కాలంలో మేఘాలు కాళ్ల కిందికి వచ్చే చోటు

పాడేరు పక్కన వంజంగి కొండ ఉంది. ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో తెల్లవారుజామున దాని మీదికెక్కి చూస్తే లోయలన్నీ తెల్లగా నిండిపోయి, చుట్టూ కొండల శిఖరాలు మాత్రమే పైకి కనిపిస్తాయి. కొండ బాగా ఎత్తుగా ఉంది కాబట్టి మేఘాలు కిందికి వెళ్లాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి ఎక్కడి నుంచో తేలుతూ వచ్చినవి కావు. ముందురోజు సాయంత్రానికి లేనే లేవు. రాత్రికి రాత్రి ఆ లోయలోనే పొగమంచుగా పుట్టాయి. అలా పుట్టాలంటే మూడు కలిసి రావాలి: తడి నేల, తేటపడిన ఆకాశం, నెమ్మదించిన గాలి. ప్రశాంతత వెతుక్కుంటూ మన్యానికి వెళ్లేవాళ్లకు ఈ మూడోది ముఖ్యమని నాకు అనిపిస్తుంది. అక్కడి దృశ్యాన్ని తయారుచేసేదే ఆ నిశ్చలత.

పగలంతా ఎండకు వేడెక్కిన నేల, పొద్దుగూకగానే ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో పైకి వదలడం మొదలుపెడుతుంది. మబ్బులుంటే అవి అందులో చాలా భాగాన్ని పీల్చుకుని తిరిగి నేల వైపే పంపుతాయి. వానాకాలపు రాత్రులు ఉక్కగా ఉండడానికి ఇదొక కారణం. మబ్బు లేని రాత్రి ఆ వేడి అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. నేల చల్లబడుతుంది, దాన్ని తాకిన గాలీ చల్లబడుతుంది. చల్లగాలికి బరువెక్కువ. నీరు పల్లమెరుగు అన్నట్టే అదీ వాలు వెంట దిగి లోయ అడుగుకు చేరుతుంది. మామూలుగా ఒక కిలోమీటరు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గాలి. ఇలాంటి రాత్రుల్లో లెక్క తారుమారవుతుంది. లోయ అడుగున వణికించే చలి, కాస్త పైన వాలు మీద అంతకంటే వెచ్చని గాలి. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు.

చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు ఒక్కటే కారణమైతే అక్కడ తీరప్రాంతం కంటే ఆరేడు డిగ్రీలే చల్లగా ఉండాలి. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోతుంది. ఆ మిగతా చలి అంతా తేట ఆకాశం, పల్లానికి చేరిన చల్లగాలి కలిసి తెచ్చిందే.

ఇక పొగమంచు సంగతి. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 10 డిగ్రీలకు వచ్చేసరికి 9 గ్రాములే. మిగిలినది గాలిలోని ధూళి కణాల మీద సన్నని బిందువులుగా చేరుతుంది. మిల్లీమీటరులో వందో వంతుండే ఆ బిందువులు సెకనుకు ఒక సెంటీమీటరు కూడా కిందికి దిగవు. అందుకే గాలిలో తేలుతున్నట్టే ఉంటాయి. ఇక్కడ గాలి పాత్ర చాలా సున్నితమైనది. అది పూర్తిగా ఆగిపోతే తేమ గడ్డి పరకల మీదే మంచుబిందువులై ఆగిపోతుంది. జోరుగా వీస్తే పై వెచ్చదనం కిందికి కలిసిపోయి పొగమంచు పుట్టనే పుట్టదు. ఆకు కదిలీ కదలనంతగా ఉంటేనే లోయ నిండుతుంది. దాని పైభాగం అంత చదునుగా కనిపించడానికి కారణం పైనున్న వెచ్చని పొరే. చల్లగాలి దాన్ని దాటి పైకి పోలేదు.

మరి ఈ కాలంలోనే ఎందుకు? శ్రావణ భాద్రపదాల్లో తేమకు కొదవ లేదు కానీ మబ్బు వీడదు. ఫిబ్రవరి దాటితే ఆకాశం తేటగానే ఉన్నా నేలలో తడి ఉండదు. నైరుతి వెనుదిరిగాక కొన్ని వారాల పాటు వాన తడి ఇంకా నేలలో ఉంటుంది, పైన మబ్బూ తొలగుతుంది. రాత్రులూ సాగుతాయి: నవంబరు చివరికి ఈ ప్రాంతంలో రాత్రి పగటి కంటే గంటన్నరకు పైగా ఎక్కువ. నేల చల్లబడడానికి అంత వ్యవధి దొరుకుతుంది.

వంజంగి మీద సూర్యోదయం అవుతున్నప్పుడు అందరూ తూర్పుకే తిరిగి నిలబడతారు, ఫోన్లన్నీ అటే ఉంటాయి. ఒక్కసారి వెనక్కి తిరగండి. మీ వెనుక పడమటి లోయలోనూ పొగమంచు ఉండి, మీ నీడ దాని మీద పడుతుంటే, నీడలోని తల చుట్టూ చిన్న రంగుల వలయం కనిపించవచ్చు. లోపల తెలుపు, అంచున ఎరుపు. బిందువులను తాకిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి మళ్లి వివర్తనం చెందడం, అంటే వంగి విస్తరించడం వల్ల అది ఏర్పడుతుంది. పక్కనున్న మనిషి తల చుట్టూ ఉన్నది మీకు కనిపించదు. ఎవరి వలయం వాళ్లకే. విమానంలో వెళ్తూ మేఘాల మీద పడిన విమానం నీడను చూసినవాళ్లకు ఇది పరిచయమే. పొద్దెక్కాక పొగమంచు అంచుల నుంచి లోపలికి కరుగుతుంది, ఎందుకంటే అంచుల్లో పొర పలచగా ఉండి ఎండ నేలకు త్వరగా చేరుతుంది. చాలా రోజులు తొమ్మిది గంటలకే అంతా అయిపోతుంది.

ఈ విలోమానికి ఇంకో గుణం ఉంది, అది తెలిసినవాళ్లు తక్కువ. పైన వెచ్చగా, కింద చల్లగా ఉన్నప్పుడు ధ్వని తరంగాలు పైకి పోకుండా నేల వైపు వంగుతాయి. పగలు వినిపించని దూరపు కోడి కూత, పశువుల మెడ గంట తెల్లవారుజామున స్పష్టంగా వినిపించేది అందుకే. అదే కారణంగా ఒక గుడారం దగ్గర పెట్టిన స్పీకరు మోత కూడా లోయలో దూరదూరాలకు వెళ్తుంది. రాత్రి వేసిన చలిమంటల పొగ సైతం ఆ వెచ్చని పొరను దాటలేక ఊళ్ల మీదే నిలిచిపోతుంది. కొండ మీద సంబరం చేసుకునేవాళ్లు వెళ్లిపోతారు, ఆ పొగ పీల్చాల్సింది కింద గిరిజన గ్రామాల వాళ్లు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. వనభోజనాల ఆదివారాలు వదిలేసి మంగళ, బుధవారాల్లో వెళ్తే మనకూ మేలు, వాళ్లకూ మేలు.

పొగమంచు తొలగాక అరకు దారిలో పసుపు బయటపడుతుంది, వలిసె చేలు. ఇథియోపియాలో పుట్టిన ఈ నూనెగింజ పంట పొద్దుతిరుగుడు కుటుంబానిది. పగలు కురచబడడాన్ని గుర్తించి పూస్తుంది. ఒక పువ్వును దగ్గరగా చూడండి: మనం రేకు అనుకునే ప్రతిదీ ఒక పువ్వే, నడుమ గుండ్రని దిమ్మెలో ఉన్నవన్నీ చిన్న చిన్న పూలే. ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు పనికిరాదు. పక్క మొక్క నుంచి తేనెటీగ మోసుకురావాలి. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కితే పోయేది రైతు పంటే. కొన్నిచోట్ల రైతులు కొద్దిపాటి రుసుము అడుగుతారు. సంతోషంగా ఇచ్చి, గట్టు మీదే నిలబడి తీసుకోవడం న్యాయం.

రోజు ఎంచుకోవడమే అసలు పని. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌ను అరకు కూడా చవిచూసింది. అల్పపీడనం ఉందని విన్నప్పుడు ప్రయాణం వాయిదా వేయండి. అది బలహీనపడి, ఆకాశం తేటపడిన రెండు మూడు రోజులకు వెళ్తే నేల కొత్తగా తడిసి ఉంటుంది, పొగమంచుకు అంతకంటే మంచి అదను ఉండదు. ముందురోజు రాత్రి పాడేరులో బయటికి వచ్చి చూడండి. చుక్కలు తేటగా కనిపిస్తూ, చెట్ల ఆకులు పెద్దగా కదలకుండా ఉంటే అలారం నాలుగింటికి పెట్టుకోవచ్చు. మబ్బు కమ్మి ఉంటే హాయిగా పడుకుని, మర్నాడు వలిసె చేల వైపు వెళ్లండి.