ఎనర్వేటెడ్‌లో ఎనర్జీ లేదు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ, అనువాదాలు దిద్దుతూ ఉంటాను. నా దగ్గరికి వచ్చే కాగితాల్లో బాగా చదువుకున్నవాళ్లు కూడా తప్పుగా రాసే మాట ఒకటుంది: ఎనర్వేటెడ్.

అపోహ: ఎనర్వేటెడ్ అంటే ఎనర్జీ నిండిన అని.

వాస్తవం: పూర్తిగా ఉల్టా. సత్తువంతా పోయి నీరసించిన అని అర్థం. ఎనర్జీ గ్రీకు మాట, పని అనే అర్థమున్న ఎర్గాన్ నుంచి వచ్చింది. ఎనర్వేటెడ్ లాటిన్ మాట, దీని మూలం నెర్వస్, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే నరం. ముందున్న ‘ఎ’ తీసేయడాన్ని చెబుతుంది. నరాలు లాగేసినట్టుంది అని మనం అంటామే, దాదాపు అదే.

అపోహ: బలహీనం అన్నచోటల్లా దీన్ని పెట్టేయొచ్చు.

వాస్తవం: కుదరదు. బలం ఎలా పోయిందో చూసుకుని మాట ఎంచుకోవాలి. మండుటెండకో, ఉక్కపోతకో, పనీపాటా లేని సోమరితనానికో మనిషి లోపలినుంచి మెల్లగా డీలా పడితే ఎనర్వేటెడ్. రోగం పడగొడితే డెబిలిటేటెడ్. పలచబడి తీవ్రత తగ్గితే అటెన్యుయేటెడ్, కేబుల్‌లో దూరం వెళ్లేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. బీటలు వారిన గోడకైతే ఇవేవీ వద్దు, మామూలు వీకెన్డ్ (weakened) చాలు.

అపోహ: ఇనర్వేటెడ్ కూడా ఇదే.

వాస్తవం: కాదు. అది శరీరశాస్త్రం మాట, ఒక అవయవానికి నరాలు అందడం గురించి.

అపోహ: టీకా మీద అటెన్యుయేటెడ్ అని ఉంటే చచ్చిన సూక్ష్మజీవి అని.

వాస్తవం: ఈ పొరపాటు చూస్తే మాత్రం నాకు నిజంగా టెన్షన్. అందులో ఉన్నది బతికే ఉంటుంది, రోగం తెచ్చే శక్తి మాత్రం తగ్గించి ఉంటుంది. క్షయ టీకా బీసీజీ కోసం ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 దాకా, 13 ఏళ్లపాటు, పశువుల క్షయ బాక్టీరియాను సుమారు 230 సార్లు మార్చి మార్చి పెంచి బలహీనపరిచారు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఇలాంటి సజీవ టీకాలు సాధారణంగా ఇవ్వరు, కాబట్టి ‘చంపిన’ అని రాస్తే అది ఉత్త భాషాదోషంతో పోదు. ‘నిర్వీర్యం చేసిన’ అని కూడా నేను రాయను, దాన్ని రెండు రకాలుగానూ అర్థం చేసుకుంటారు. ‘బలహీనపరచిన సజీవ’ అని విప్పి రాయండి, ఒక మాట ఎక్కువైనా పర్వాలేదు.